మందు గేటు బయటే ఆగుతుందా?



2020 సెప్టెంబర్ 25న మాదాపూర్‌లో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచారు. కరోనాతో నెలల తరబడి ఇళ్లల్లో మగ్గిపోయిన ఊరు ఒక్కసారిగా అక్కడికి కదిలింది. జూబ్లీహిల్స్ నుంచి ఐటీ కారిడార్‌కు దూరం తగ్గించడానికి సుమారు 184 కోట్లు పెట్టి కట్టిన వంతెన అది. తీగల మీద రంగుల దీపాలు వెలిగేసరికి రోడ్డు కాస్తా విహారస్థలమైపోయింది. బండ్లు ఎక్కడివక్కడ ఆపేశారు. నడిరోడ్డు మీద నిలబడి సెల్ఫీలు దిగారు. చొక్కాలు విప్పేసి, వెనక నుంచి బండ్లు వస్తున్నా లెక్కచేయకుండా ఫోజులిచ్చిన కుర్రాళ్ల వీడియో ఊరంతా తిరిగింది. చివరికి సైబరాబాద్ పోలీసులు వారాంతాల్లో వంతెన మీదికి బండ్లు రానీయకుండా ఆపాల్సి వచ్చింది, రాత్రి పొద్దుపోయాక పూర్తిగా మూసేయాల్సి వచ్చింది. అయినా పరిస్థితి పూర్తిగా మారిందా అంటే లేదు. 2024 ఏప్రిల్‌లో అదే వంతెన మీద ఫొటో దిగుతున్న ఇద్దరిని కారు ఢీకొంటే ఒకరి ప్రాణం పోయింది.

ఆ వంతెనకు గేటు లేదు, టికెట్ లేదు, లోపలికి వచ్చేవాళ్లను ఆపి చూసే మనిషి లేడు. కాబట్టి భారమంతా పోలీసుల మీద పడింది. మరి గేటు ఉన్నచోట? టికెట్ కొని, సంచి తనిఖీ చేయించుకుని, నియమాల బోర్డు దాటుకుని లోపలికి వెళ్లేచోట సందర్శకులు ఎలా నడుచుకుంటున్నారు? ఈ రోజు ప్రసంగం దాని గురించి. థీమ్ పార్కుల్లో, వాటర్ పార్కుల్లో తాగి వచ్చేవాళ్ల గురించి, తాగకపోయినా తాగినవాళ్లకన్నా దురుసుగా ఉండేవాళ్ల గురించి, వీళ్లిద్దరినీ రోజంతా భరించే చిన్న ఉద్యోగుల గురించి.

హైటెక్ సిటీకి థీమ్ పార్కు అవసరం ఎలా వచ్చిందో ముందు చూడాలి. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టూ రాళ్లగుట్టలే ఎక్కువ. పక్కన శిల్పారామం ఉంది. ఆ తర్వాత పాతికేళ్లలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. లక్షలాది మంది పాతికా ముప్పై ఏళ్ల వయసువాళ్లు, చాలామంది సొంత ఊరికి దూరంగా, చేతిలో మంచి జీతంతో, వారానికి ఐదు రోజులు అద్దాల మేడల్లో పనిచేసే చోటు అయింది. శని, ఆదివారాలు వాళ్లకు ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దారులన్నీ తెరుచుకుంటాయి. ఒకవైపు మొయినాబాద్, శంకర్‌పల్లి ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు. గండిపేట దగ్గర ఓషన్ పార్క్. ఇంకోవైపు 13వ ఎగ్జిట్ దిగితే రావిర్యాల దగ్గర వండర్‌లా. ఆ పైన విజయవాడ హైవే మీద, 1996 నుంచి నడుస్తున్న రామోజీ ఫిల్మ్ సిటీ.

వీటిలో వండర్‌లాను తీసుకుంటే, 2000లో కొచ్చిలో వీగాల్యాండ్‌గా మొదలై, 2005లో బెంగళూరుకు, 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది. పార్కులో మద్యం అమ్మరు, తేనివ్వరు, తాగి ఉన్నవాళ్లను రానివ్వరు. ఇది మెచ్చుకోవలసిన నియమం. మన దగ్గర ఇలాంటి పార్కుకు ఎవరు వస్తారు? తాతయ్య, నాయనమ్మ, స్కూలు పిల్లలు, కొత్తగా పెళ్లైనవాళ్లు, కాలేజీ గ్యాంగులు, ఆఫీసు టీములు. ఇంతమంది ఒకే కొలనులో, ఒకే వరుసలో, ఒకే ఊయలలో పక్కపక్కన ఉండాలి. అక్కడ మందుకు చోటు లేదు.

కానీ మందు సీసాలోనే రావాలని లేదు. కడుపులో వస్తుంది. ఇలాంటి చోట్ల పనిచేసే ఏ సెక్యూరిటీ మనిషిని అడిగినా రకరకాల దారులు చెబుతాడు. పొద్దున బస్సు బయల్దేరగానే వెనక సీట్లలో మొదలవుతుంది. కూల్‌డ్రింక్ సీసాలో కలిపి తెచ్చుకుంటారు. పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి రెండు పెగ్గులు వేసుకుని గేటు దగ్గరికి వస్తారు. మధ్యాహ్నం బయటికెళ్లి వస్తామంటారు. సంచి వెతికితే ఏమీ దొరకదు. వాసన వస్తుంది, మాట తడబడుతుంది, కళ్లు ఎర్రబడి ఉంటాయి. అయినా "నేను తాగానని నీ దగ్గర ప్రూఫ్ ఏంటి?" అని అడుగుతాడు. గేటు దగ్గర ఉన్న పాతికేళ్ల కుర్రాడికి అక్కడ జవాబు ఉండదు. వెనక నుంచి పదిమంది ఫ్రెండ్స్ "వదిలెయ్ అన్నా, మేం చూసుకుంటాం" అంటారు. అప్పుడు వదిలేస్తే, ఆ మనిషి భారం లోపల ఉన్న ఇంకో కుర్రాడి మీదో, అమ్మాయి మీదో పడుతుంది.

ఆ లోపలి మనిషి పని ఒకసారి దగ్గరగా చూడండి. పెద్ద రోలర్ కోస్టర్ ప్లాట్‌ఫాం మీద ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు ఉంటారు. బండి వచ్చి ఆగుతుంది. దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు. ఆపరేటర్ ఒక్కో సీటు దగ్గరికి వచ్చి భుజాల మీది బార్ కిందికి లాగి, లాక్ పడిందో లేదో చేత్తో కుదిపి చూస్తాడు. బెల్టు బిగిస్తాడు. చేతిలో ఫోన్ ఉంటే తీసేయమంటాడు. అందరిదీ అయ్యాక బొటనవేలు పైకెత్తి అవతలి వాడికి సైగ చేస్తాడు. బండి కదులుతుంది. ఇదంతా నిమిషం, నిమిషంన్నర. మళ్లీ అదే, మళ్లీ అదే, సాయంత్రం దాకా. ఎండలో, హోరులో, కేకల మధ్య ఏమరుపాటు లేకుండా చేయాల్సిన పని. ఆ సమయంలో ఒకడు బార్ కిందికి లాగనివ్వడు, ఊపిరాడటం లేదంటాడు. ఇంకొకడు ఫోన్ దాచుకుని బండి కదిలాక వీడియో తీస్తాడు. వేగంతో పోయే బండి మీది నుంచి జారిన ఫోన్ కింద వాళ్ల నెత్తిన రాయిలా పడుతుంది. దిగమంటే దిగడు. "పన్నెండు వందలు కట్టి వచ్చినం, నువ్వెవడివిరా చెప్పనీకి?" అంటాడు. ఆపరేటర్ మాత్రం "సార్, ప్లీజ్ సార్" అంటూనే ఉండాలి. ఆ "రా"కీ ఈ "సార్"కీ మధ్య ఉన్న దూరమే ఈ సమస్యంతా.

తాగినవాళ్లను రైడ్ ఎక్కనివ్వకపోవడం మర్యాద కోసమే అనుకునేవాళ్లున్నారు. అసలు కారణం మన చెవిలో ఉంది. లోపలి చెవిలో మూడు సన్నని వంపు గొట్టాలు, వాటిలో ద్రవం, ఆ ద్రవానికి అడ్డంగా మెత్తని చిన్న తెర ఉంటాయి. తల తిరిగితే ద్రవం ఒక క్షణం వెనకబడుతుంది, తెర వంగుతుంది, ఎటు తిరుగుతున్నామో మెదడుకు తెలుస్తుంది. తాగినప్పుడు రక్తంలోని ఆల్కహాల్ ద్రవంలోకి చేరకముందే ఆ తెరలోకి ఇంకుతుంది. తెర తేలికై పక్కకు ఒరుగుతుంది. దాంతో మంచం మీద కదలకుండా పడుకున్నా గది గిర్రున తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. అలాంటి మనిషిని నిజంగానే గిర్రున తిప్పే యంత్రంలో కూర్చోబెడితే ఏమవుతుంది? వాంతి అవుతుంది, పక్కవాళ్ల మీద, వెనకవాళ్ల మీద. అంతకన్నా పెద్ద ప్రమాదం మెడకు. బండి ఒక్కసారి మలుపు తీసుకునేటప్పుడు మెలకువగా ఉన్నవాడు తెలియకుండానే మెడ బిగబట్టుకుంటాడు. తాగినవాడి మెడ ఆలస్యంగా స్పందిస్తుంది.

నీళ్లలో ఇంకా ఘోరం. అలల కొలను, అదే వేవ్ పూల్, పేరుకే పిల్లల సరదా. అల వచ్చినప్పుడల్లా నేల మీది కాలు పట్టు తప్పుతుంది. వందల తలల మధ్య ఒక తల మునిగితే లైఫ్‌గార్డ్ సెకన్లలో చూడాలి. నిజంగా మునిగిపోయేవాడు సినిమాల్లోలా చేతులు ఊపి అరవడు, చప్పుడు లేకుండా కిందికి పోతాడు. తాగి అరిచేవాళ్లు, ఉత్తుత్తిగా మునిగినట్టు నటించేవాళ్లు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి దూకేవాళ్లు ఉంటే లైఫ్‌గార్డ్ కళ్లు అటే పోతాయి. ఈలోపు చప్పుడు చేయని పిల్లవాడు ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? ఆ కొలనులో ఒకరు వాంతి చేసుకుంటే అందరినీ బయటికి పంపి, మురికి తీసి, క్లోరిన్ పాళ్లు సరిచూసి గానీ మళ్లీ తెరవకూడదు. వందల కుటుంబాల గంట పోతుంది.

"నీళ్లలో రెండు మునకలేస్తే దిగిపోతుంది" అనే నమ్మకం కూడా ఒకటుంది. దిగదు. తాగిన మందును కాలేయం తన పద్ధతిలో తాను విరగ్గొట్టాలి. రక్తంలో వంద మిల్లీలీటర్లకు గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గుతుంది. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్లు, కాఫీ ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. పైగా మందు ఒంట్లోని నీటిని బయటికి పంపేస్తుంది. ఏప్రిల్, మే ఎండలో ఇది మామూలు విషయం కాదు.

ఇక తాగనివాళ్ల సంగతి. దురుసుతనమంతా మందు ఖాతాలో వేసేస్తే అన్యాయమే అవుతుంది. వరుసలో ఒకణ్ని నిలబెట్టి, పన్నెండు మంది చివర్లో వచ్చి "మా వాడు ముందున్నాడు" అంటూ దూరిపోవడానికి మందు అక్కర్లేదు. తడి బట్టల్లో ఉన్న ఆడపిల్లల వైపు ఫోన్ తిప్పి, తన సెల్ఫీ తీసుకుంటున్నట్టు నటించడానికి అక్కర్లేదు. అలల్లో తోపులాట వంకతో చేతులు వేయడానికీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో 2014 అక్టోబర్ 24న మొదలైన పోలీసుల షీ టీమ్స్ పదేళ్లకు పైగా చూస్తున్నది ఇదే. నుమాయిష్ రద్దీలోనూ, ఖైరతాబాద్ గణేశుడి దగ్గర భక్తుల మధ్యనూ మఫ్టీలో తిరిగి వాళ్లు పట్టుకున్న మగవాళ్లు ఏటా వందల్లో ఉంటారు. రహస్యంగా వీడియో తీసి, సాక్ష్యంతో సహా కోర్టుకు తీసుకెళ్లడం వాళ్ల పద్ధతి. దేవుడి దగ్గరికి వచ్చినవాళ్లు తాగి వచ్చారని అనలేం కదా.

మందు చేసేది ఏమిటంటే, సిగ్గు తీసేస్తుంది, తర్వాత సాకు ఇస్తుంది. మర్నాడు "తాగి ఉన్నాడమ్మా, మనసులో పెట్టుకోకు" అని చుట్టూ ఉన్నవాళ్లే సర్దిచెబుతారు. చట్టం ఆ మాట ఒప్పుకోదు. తెలియకుండానో, బలవంతంగానో తాగిస్తే తప్ప, తనంతట తాను తాగినవాడికి మత్తు కారణంగా మినహాయింపు లేదని పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. తాగి బహిరంగ స్థలంలో ఇతరులను ఇబ్బంది పెట్టడానికి పాత చట్టంలో 24 గంటల జైలు, లేదంటే 10 రూపాయల జరిమానా ఉండేది. బ్రిటిష్ వాళ్ల కాలపు పది రూపాయలు అలాగే మిగిలిపోయాయి. కొత్త సంహితలోని 355వ సెక్షన్ దాన్ని 1,000 రూపాయలకు పెంచింది, సమాజ సేవ చేయించే వీలు కూడా ఇచ్చింది. థీమ్ పార్కు ప్రైవేటు స్థలం కదా అని అనుకోవద్దు. అనుమతి లేకుండా ప్రవేశించిన చోటు కూడా ఆ సెక్షన్ కిందికి వస్తుంది. నియమం చెప్పి వెళ్లిపొమ్మన్నా వెళ్లనివాడి గురించి 112కు ఫోన్ చేసే హక్కు పార్కుకు ఉంది.

ఐటీ కారిడార్‌కు సంబంధించి ఇంకో చట్టం గురించి తప్పకుండా చెప్పుకోవాలి. దాన్ని చాలామంది ఆఫీసు గోడల దాకానే అనుకుంటున్నారు. 2013లో వచ్చిన, అందరూ పోష్ చట్టం అని పిలిచే లైంగిక వేధింపుల నిరోధక చట్టం. పని ప్రదేశం అంటే డెస్కు, మీటింగ్ రూమ్ మాత్రమే కాదని అది విడమరచి చెప్పింది. ఉద్యోగంలో భాగంగా వెళ్లిన ఏ చోటైనా, అక్కడికి యాజమాన్యం ఏర్పాటు చేసిన బండి అయినా పని ప్రదేశమే. అంటే కంపెనీ డబ్బుతో, హెచ్‌ఆర్ మెయిల్‌తో, కంపెనీ మాట్లాడిన బస్సులో టీమంతా శుక్రవారం పార్కుకు వెళ్తే, ఆ బస్సు వెనక సీటు పని ప్రదేశం. ఆ వేవ్ పూల్ పని ప్రదేశం. రెయిన్ డాన్స్ పని ప్రదేశం. అక్కడ జరిగినదాని మీద మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలల గడువు కూడా కమిటీ ఇవ్వొచ్చు. పదిమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో ఆ కమిటీ ఉండి తీరాలి.

ఆఫీసు ఔటింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పరిస్థితి ఊహించుకోండి. కొలనులోకి దిగకపోతే "టీమ్ స్పిరిట్ లేదు" అంటారు. దిగితే తడి బట్టల్లో మేనేజర్ల ముందు నిలబడాలి. బస్సులో మందు సీసా చేతులు మారుతుంటే ముక్కు మూసుకుని కూర్చోవాలి. "ఒక్క సిప్" అని బతిమాలేవాళ్లను నవ్వుతూనే కాదనాలి. సోమవారం అదే మనుషులతో అదే ఫ్లోర్‌లో పనిచేయాలి కాబట్టి కోపం చూపించలేదు. తాగడం ఇష్టం లేని మగపిల్లలకూ ఇదే ఇబ్బంది, వాళ్లు మాట్లాడరు అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు. దేశంలో అతి ఎక్కువ శాతాల్లో ఇదొకటి. తిప్పి చూస్తే, సగం కన్నా ఎక్కువ మంది మగవాళ్లు తాగరు. ఆడవాళ్లలో తాగేవాళ్లు 7 శాతం లోపే. ఔటింగ్ ఏర్పాటు చేసేవాళ్లు ఈ ఎక్కువమందిని కదా ముందు లెక్కలోకి తీసుకోవాల్సింది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే రెండు నాలుకల వ్యవహారం కనిపిస్తుంది. 2023 డిసెంబర్‌లో, కొత్త ప్రభుత్వం వచ్చిన కొద్ది రోజులకే, మాదాపూర్‌లో డిసెంబర్ 31 రాత్రి సన్‌బర్న్ సంగీత కార్యక్రమం అంటూ అనుమతి రాకముందే ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మేశారు. కలెక్టర్లు, ఎస్పీల సమావేశంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ విషయమే అడిగారు. సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. అది సరైన పని. మరుసటి ఏడాది నవంబర్ 15న శంషాబాద్ విమానాశ్రయం దగ్గర గాయకుడు దిల్జిత్ దోసాంజ్ కచేరీ జరిగింది. మద్యాన్ని పొగిడే పాటలు పాడొద్దని రంగారెడ్డి జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారులు ముందే నోటీసు ఇచ్చారు. ఆయన పాటల్లో మందు మాట వచ్చినచోట కూల్‌డ్రింక్ పేరు పెట్టి పాడేశాడు. తర్వాత అహ్మదాబాద్ వేదిక మీద, అన్ని రాష్ట్రాలూ మద్యం నిషేధిస్తే ఆ పాటలు జన్మలో పాడనని సవాలు విసిరాడు.

ఆ సవాలుకు జవాబు చెప్పడం మన దగ్గర కష్టమే. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల కోసం లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగి రాని 2 లక్షల రుసుము. షాపులు తెరవకముందే, ఒక్క సీసా అమ్మకముందే ప్రభుత్వానికి 2,600 కోట్లు దాటి వచ్చాయి. ఇంతగా మందు మీద ఆధారపడ్డ చోట పాటలోని ఒక్క మాట మార్పిస్తే పిల్లలకు కలిగే రక్షణ ఎంత? కచేరీకి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కౌంటర్ దగ్గర వయసు అడిగారా, 21 నిండాయని కార్డు చూశారా అన్నదే అసలు ప్రశ్న. ఇది చూడటం నోటీసు రాయడం కన్నా కష్టం. నిషేధమూ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ లాంటి ఆడవాళ్లు సారా మీద లేచారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, రెండేళ్లకే 1997లో ఎత్తేశారు. ఊరంతటా మందు ఆపడం సాధ్యం కాలేదు సరే, పిల్లలు తిరిగే ఒక్క ఆవరణలో ఆపడం సాధ్యమే.

ప్రపంచంలో దీనికి రకరకాల దారులు తొక్కారు. 1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీల్యాండ్‌లో సామాన్య సందర్శకుడికి మద్యం దొరకదు అన్నది దశాబ్దాల పాటు నిలబడిన నియమం. 1967లో పెట్టిన సభ్యుల క్లబ్బు ఒక్కటే మినహాయింపు. 2019లో గానీ అందరూ వెళ్లగలిగే చోట మందు పెట్టలేదు. పారిస్ పార్కు 1992లో మద్యం లేకుండానే మొదలైంది. భోజనంతో వైన్ లేకపోవడమేమిటని అక్కడివాళ్లు అలిగితే మరుసటి ఏడాదే దిగివచ్చారు. మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌లో బీరు డేరాల పక్కనే రంగులరాట్నాలు తిరుగుతాయి. అక్కడ పిల్లలతో వచ్చే కుటుంబాలు తగ్గకూడదని 2005 నుంచి సాయంత్రం ఆరు దాకా డేరాల్లో సంప్రదాయ వాద్యాలే, అదీ 85 డెసిబెల్స్ దాటకుండా వాయించాలని నియమం పెట్టారు. 2022 జూలైలో కాలిఫోర్నియాలోనే నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్కులో కుర్రకారు కొట్లాటలు జరిగి, ఆ రాత్రి పార్కు ముందే మూసేశారు. వారం తిరక్కుండానే, పద్దెనిమిది నిండనివాళ్లు శుక్ర, శనివారాల్లో పెద్దవాళ్లు తోడు లేకుండా రాకూడదని ప్రకటించారు. ఆదాయం తగ్గుతుందని తెలిసే ఆ పని చేశారు. ఇక్కడ నేర్చుకోవలసింది వాళ్ల నియమాన్ని కాదు, నష్టమైనా సరే సిబ్బంది వెనక నిలబడిన ఆ తెగువను.

మన దగ్గర లోటు అక్కడే ఉంది. బోర్డు మీద నియమం ఉంటుంది. దాన్ని అమలు చేయబోయిన కుర్రాడికి మాత్రం అండ ఉండదు. గొడవ పెద్దదైతే మేనేజర్ పరుగున వచ్చి కస్టమర్‌కు సారీ చెప్పి, కుర్రాణ్ని పక్కకు పంపిస్తాడు. ఇంకోసారి ఆ కుర్రాడు ఎవరినైనా ఆపుతాడా? ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇస్తామని బెదిరించినా భయపడే పరిస్థితి. రైడ్ ఆపరేటర్ "నేను బండి కదపను" అంటే ఇక ఎవరూ కదపకూడదు. లైఫ్‌గార్డ్ ఈల వేసి బయటికి రమ్మంటే అది చివరి మాట కావాలి. ఆ ఇద్దరి మాట మీద జనరల్ మేనేజర్ కూడా మాట మార్చకూడదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు.

తిరుగు ప్రయాణం గురించి చెప్పకుండా ముగించలేం. సాయంత్రం పార్కులు మూసేశాక కార్లన్నీ ఒకేసారి ఔటర్ ఎక్కుతాయి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద గంటకు 120 దాకా వేగానికి అనుమతి ఉంది. పొద్దుటి నుంచి ఎండలో, నీళ్లలో అలసిపోయిన డ్రైవరు, పార్కు దాటగానే మొదటి వైన్స్ దగ్గర ఆగిన డ్రైవరు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. హైదరాబాద్‌లో 2011 నవంబర్ నుంచి బ్రీత్ ఎనలైజర్ పట్టుకుని పోలీసులు రాత్రిళ్లు రోడ్ల మీద నిలబడుతున్నారు. అయినా 2016 జూలై 1న పంజాగుట్టలో పట్టపగలు తాగి కారు నడిపిన విద్యార్థుల వల్ల ఓ కుటుంబం చితికిపోయింది. డివైడర్ దాటి ఎగిరి పడిన ఆ కారు కింద, స్కూల్లో అప్పుడే కొత్త క్లాసులో చేరిన చిన్నారి, ఆమె ఇంటి పెద్దలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

ప్రతి డిసెంబర్‌లో సైబరాబాద్ పోలీసులు కొత్త సంవత్సరం వేడుకల కోసం పబ్బులకు, హోటళ్లకు ముందస్తు నిబంధనలు ఇస్తారు. అనుమతి కోసం ముందే దరఖాస్తు చేయాలి. లోపలికి, బయటికి వచ్చే దారుల్లో, పార్కింగ్‌లో సీసీ కెమెరాలు ఉండాలి. రాత్రి పది దాటాక బయట సౌండ్ సిస్టం మోగకూడదు. మైనర్లను రానివ్వకూడదు. తాగినవాణ్ని కారు నడుపుకుంటూ పోనివ్వకూడదు, డ్రైవర్నో క్యాబ్‌నో ఏర్పాటు చేసే పూచీ యాజమాన్యానిదే. ఈ చివరి నిబంధన ఏడాదికి ఒక్క రాత్రికి, పబ్బులకు మాత్రమే ఎందుకు? పార్కింగ్‌లో తాగుతున్నవాణ్ని చూసీ చూడనట్టు వదిలేసే పార్కుకు, ఫామ్‌హౌస్‌లో ఈవెంట్ పర్మిట్ తీసుకుని టీములకు మందు పోసే రిసార్టుకు, బస్సు మాట్లాడి యాభై మందిని పంపించే కంపెనీకి కూడా అదే పూచీ పెట్టొచ్చు. ఐటీ కంపెనీలూ, పోలీసులూ కలిసి కూర్చోవడానికి సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ అనే వేదిక 2006 నుంచే ఉంది. వేసవి ఔటింగ్‌ల కాలం మొదలయ్యేలోపు ఈ ఒక్క విషయం అక్కడ తేలిస్తే, బస్సుకు ఒక బాధ్యుడి పేరు రాయించి, ఆ జాబితా పార్కు గేటు దగ్గర ఉంచితే, తాగి వచ్చినవాణ్ని ఎవరికి అప్పజెప్పాలో గేటు దగ్గరి కుర్రాడికి తెలుస్తుంది.